తక్కువ ధరలో ఆస్ట్రియా వైట్ వైన్: ఎలా కొనాలి, ఎలా రుచి చూడాలి, దేంతో తాగాలి

వైట్ వైన్ అంటే కొందరికి జ్యూస్‌లా తియ్యగా ఉండేది, ఇంకొందరికి చెక్క వాసన కొట్టే బరువైనది, ఈ రెండూ తాగి చూసి నచ్చక వైన్ మనకి పడదులే అని పక్కన పెట్టేసినవాళ్ళు మనవాళ్ళలో చాలామందే ఉన్నారు, ముఖ్యంగా చదువుకో ఉద్యోగానికో యూరప్ వెళ్ళినవాళ్ళలో. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, వదిలేసేముందు ఒక్కసారి ఆస్ట్రియా వైట్ తాగి చూడండి. తీపి ఉండదు, చెక్క వాసన ఉండదు, నోట్లో పడగానే పుల్లగా చురుక్కుమంటుంది, మింగాక నోరు శుభ్రంగా ఉంటుంది, తింటున్న ముద్దకి ఇంకో గుక్క తోడు కావాలనిపిస్తుంది.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తా, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఆస్ట్రియాలో తక్కువ ధర వైట్ అంటే ఖరీదైనదాన్ని పలచన చేసింది కాదు. పండు మరీ ముదరకముందే కోసి, స్టీల్ ట్యాంకులో చల్లగా పులియబెట్టి, వసంతానికల్లా సీసాలో నింపి, ఒకటి రెండేళ్ళలో తాగేయమని చేసేది. ఖరీదైనది ఏళ్ళ తరబడి దాచుకుని తాగమని చేసేది. రెండింటి పనీ వేరు. అందుకే 7 యూరోల సీసా తెచ్చుకుని, డబ్బుల్లేక దీంతో సరిపెట్టుకుంటున్నాం అనుకుంటూ తాగకండి, ఇదే కావాలని తెచ్చుకున్నట్టు తాగండి, రుచి నిజంగానే వేరేగా తెలుస్తుంది.

మొదటి స్టెప్: ఏ ద్రాక్ష కొనాలో తేల్చుకోండి

మొదటి సీసాకి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, గ్రూనర్ వెల్ట్‌లీనర్ తీసుకోండి, షాపులో అడిగేటప్పుడు ఫెల్ట్‌లీనర్ అని పలకండి, లేదా ఊరికే గ్రూనర్ అన్నా అందరికీ అర్థమవుతుంది. ఆ దేశంలో ద్రాక్ష తోటల్లో ఇంచుమించు మూడో వంతు ఇదే. పచ్చి యాపిల్, నిమ్మ, బేరికాయ, ఒక్కోసారి పచ్చి బఠాణీ లాంటి ఆకుపచ్చ వాసన, వీటన్నిటి వెనక సన్నగా తెల్ల మిరియాల ఘాటు. ఆ ఘాటు ఊరికే వర్ణన కోసం చెప్పే మాట కాదు, మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే ఈ ద్రాక్ష తొక్కలో కూడా ఉంటుంది, చల్లటి చోట పండితే ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. ఆ మిరియాల గుణాన్ని అక్కడివాళ్ళు ఫెఫెర్ల్ అని ముద్దుగా పిలుచుకుంటారు.

రెండోది వెల్ష్‌రీస్లింగ్. పేరులో రీస్లింగ్ ఉంది కానీ అసలు రీస్లింగ్‌తో దీనికి చుట్టరికం లేదు, క్రొయేషియాలో గ్రాషెవినా అనీ హంగరీలో ఓలాస్‌రిజ్లింగ్ అనీ అమ్మేది ఇదే. దక్షిణాన స్టైర్‌మార్క్ ప్రాంతంలో దీన్ని చాలా తేలిగ్గా, గ్రూనర్ కంటే ఇంకా సూటిగా పుల్లగా చేస్తారు, అందరూ దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ ఎండాకాలం మధ్యాహ్నానికి నాకు దీని మించింది లేదు. అసలైన రీస్లింగ్ కూడా ఆస్ట్రియాలో బ్రహ్మాండంగా పండుతుంది, డాన్యూబ్ నది పక్కన వాఖావ్, క్రెమ్స్‌టాల్, దాన్ని ఆనుకుని కాంప్‌టాల్ లోయల్లో రాతి మెట్ల తోటల మీద, కాకపోతే మెట్ల మీద అంతా చేత్తో చేయాల్సిన పని కాబట్టి ధర కాస్త పైకి పోతుంది. గ్రూనర్‌కి మాత్రం లోయెస్ నచ్చుతుంది, అంటే మంచు యుగాల్లో గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తటి పసుపు మట్టి, అది నీళ్ళని బాగా పట్టి ఉంచుతుంది. ఆ మట్టి వాగ్రామ్, వైన్‌ఫీర్టెల్ అనే ప్రాంతాల్లో ఎక్కువ, అక్కడ ట్రాక్టర్ నడిచే చదును తోటలు కూడా ఎక్కువ, అందుకే చవకైన మంచి గ్రూనర్ చాలావరకు అటునుంచే వస్తుంది.

వియన్నా వైన్ అని ఇంకోటి ఉంది, వీనర్ గెమిష్టర్ సాట్స్. ఒకే తోటలో రకరకాల తెల్ల ద్రాక్షలు కలిపి నాటి, అన్నీ కలిపే కోసి, కలిపే పులియబెడతారు. కనీసం మూడు రకాలుండాలి, ఏ ఒక్కటీ సగం దాటకూడదు, 2013 నుంచి దీనికి డీఏసీ హోదా ఉంది, అంటే ఆ ప్రాంతపు పద్ధతిలో చేసిన వైన్ అని చట్టం ఇచ్చే గుర్తింపు. రాజధాని నగరం హద్దుల్లోనే సుమారు 600 హెక్టార్ల ద్రాక్ష తోటలుండటం ఇంకెక్కడా చూడలేదు నేను. తేలిక రకం దొరికితే వదలకండి.

రెండో స్టెప్: సీసాని చదవడం

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే తక్కువ ధరలో మంచిది దొరకాలంటే మీకు సాయం చేసేది ఈ చదవడమే, షాపువాడి సలహా కాదు.

ముందు మూత పైన చూడండి. ఎరుపు తెలుపు ఎరుపు గీతలు, అంటే ఆస్ట్రియా జెండా రంగులు, అవి ఉంటే అది క్వాలిటేట్స్‌వైన్, అంటే ఆ వైన్‌ని ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేసి, ఆ తర్వాత మనుషులు రుచి చూసి, పాసైతేనే నంబర్ ఇచ్చారని అర్థం. ఆ పరీక్ష నంబర్ లేబుల్ మీద కూడా ఉంటుంది. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే 1985లో అక్కడ పెద్ద గొడవ జరిగింది, కొందరు వ్యాపారులు వైన్ తియ్యగా చిక్కగా అనిపించడానికి డైఎథిలీన్ గ్లైకాల్ కలిపి దొరికిపోయారు, ఎగుమతులు ఒక్కసారిగా కుప్పకూలాయి, ఏ తప్పూ చేయని రైతులు కూడా మునిగిపోయారు. ఆ దెబ్బకి ప్రపంచంలోనే చాలా కఠినమైన వైన్ చట్టం తెచ్చుకున్నారు, తియ్యటి చవక వైన్ వదిలేసి పొడిగా, అంటే తీపి లేకుండా, శుభ్రంగా చేసే పద్ధతికి మళ్ళారు. ఇవాళ మనం 7 యూరోలకి నిశ్చింతగా సీసా కొనగలుగుతున్నామంటే ఆ నష్టం నుంచి వాళ్ళు అంత గట్టిగా లేచి నిలబడటం వల్లే, నాకైతే ఆ విషయంలో ఆ రైతుల మీద చాలా గౌరవం. గీతలు లేని సీసా అంటే చెడ్డదని మాత్రం అనుకోవద్దు, నేచురల్ వైన్, అంటే పెద్దగా ఏమీ కలపకుండా చేసే వైన్, చేసేవాళ్ళు కొందరు ఆ పరీక్ష జోలికి పోకుండానే అమ్ముతారు, కానీ మొదటి సీసాకి గీతలున్నదే తీసుకోండి.

తర్వాత ప్రాంతం పేరు. నీడర్‌ఓస్టర్‌రైష్ అని మాత్రమే ఉంటే ఆ పేరున్న పెద్ద రాష్ట్రంలో ఎక్కడిదైనా కావచ్చు, తప్పేం లేదు. వైన్‌ఫీర్టెల్ డీఏసీ అని ఉంటే అది కచ్చితంగా గ్రూనరే, ఆ మిరియాల ఘాటు కనిపించాలని నియమం, చెక్క రుచి తగలకూడదు, ఆల్కహాల్ కనీసం 12%. డీఏసీ పద్ధతిలో వచ్చిన మొదటి పేరు ఇదే, 2002 పంటతో మొదలైంది, దేశంలో పండే గ్రూనర్‌లో సుమారు సగం ఈ ఒక్క ప్రాంతానిదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని చెప్పేది ఈ రెండు పదాలే. కాకపోతే పక్కన రిజర్వ్ అని ఉందేమో చూసుకోండి, రిజర్వ్ అంటే కనీసం 13%, చిక్కగా బరువుగా ఉంటుంది, ఇప్పుడు మనకి కావాల్సింది అది కాదు.

వాఖావ్ సీసా ఐతే ఇంకో మూడు పేర్లు కనిపిస్తాయి. స్టైన్‌ఫెడర్ అంటే 11.5% దాటనిది, ఫెడర్‌ష్పీల్ అంటే 11.5 నుంచి 12.5 మధ్య, స్మరాగ్డ్ అంటే 12.5 నుంచి పైకి, బాగా పండాక ఆలస్యంగా కోసింది. 1983లో పెట్టుకున్న వినేయా వాఖావ్ అనే రైతుల సంఘం సభ్యులే ఈ పేర్లు వాడతారు. మనకి స్టైన్‌ఫెడర్ దొరికితే మహా అదృష్టం, బయటి దేశాలకి పెద్దగా రాదు, ఫెడర్‌ష్పీల్ మాత్రం 10 యూరోలకి కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది, ఆ ధరకి అంత మంచి వైట్ యూరప్‌లో ఇంకోటి చూపించడం కష్టం. స్మరాగ్డ్ గొప్పదే కానీ దాని దారి వేరు, ధర కూడా వేరు.

ట్రోకెన్ అని ఉంటే పొడిది, తీపి లేనిది. లీటరుకి 9 గ్రాముల దాకా చక్కెర ఉండొచ్చు, పులుపు కూడా దానికి తగ్గట్టు ఉంటేనే, అందుకే తీపి తెలీదు. హాల్బ్‌ట్రోకెన్ అంటే కాస్త తీపి, లీబ్లిష్ అంటే బాగానే తీపి.

ఆల్కహాల్ శాతం, పంట ఏడు, ఈ రెండూ తప్పకుండా చూడండి. 11.5 నుంచి 12.5 లోపు ఉంటే తేలిగ్గా చురుగ్గా ఉండే రకం, 13 దాటితే ద్రాక్ష బాగా పండిందని, పులుపు కాస్త తగ్గి ఒళ్ళు చేసిందని అర్థం. పంట ఏడు పోయినేడాదిదో అంతకు ముందేడాదిదో అయ్యుండాలి. ఐదేళ్ళ పాత చవక గ్రూనర్ డిస్కౌంట్‌లో కనిపిస్తే ముట్టుకోకండి, దాని అందమంతా తాజాదనంలోనే ఉంది.

మూత గురించి, స్క్రూ మూత ఉంటే చవక సరుకు అని మన దగ్గర ఒక అపోహ ఉంది, ఆస్ట్రియాలో మంచి మంచి వైట్లు కూడా దాంతోనే వస్తాయి, కార్క్ పాడై తడి అట్టపెట్టె వాసన వచ్చే బెడద ఉండదు. లీటరు సీసాలు కూడా ఉంటాయి, మామూలు 750 మిల్లీలీటర్లది కాకుండా పూర్తి లీటరు, కొన్నిటికి బీరు సీసాకుండే మూతే ఉంటుంది. ఇల్లంతా కలిసి భోజనానికి కూర్చునేటప్పుడు అవి చాలా ఉపయోగం, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కూడా ఈ లీటరు గ్రూనర్లు బాగానే దొరుకుతాయి, ధర 15 డాలర్ల చుట్టుపక్కల చూసుకోండి.

ఆస్ట్రియాలోనే ఉంటే ఏ సూపర్‌మార్కెట్‌లో ఐనా 5 నుంచి 10 యూరోల మధ్య మంచివి దొరుకుతాయి, ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి శనివారమే తెచ్చుకోండి. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో ఐతే దిగుమతి సుంకం, రాష్ట్ర పన్నులు కలిసి ఇదే సీసా తక్కువ ధర వైన్ అనిపించుకోదు, దొరకడమూ కష్టమే, కాబట్టి అటువైపు వెళ్ళినప్పుడు తాగండి, లేదా వచ్చేవాళ్ళతో తెప్పించుకోండి.

శాకాహారులకి ఒక మాట. వైన్ తేటపడటానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రోటీన్, జెలటిన్, చేప నుంచి తీసిన పదార్థం లాంటివి వాడతారు, తర్వాత తీసేస్తారు కానీ వాడకం మాత్రం ఉంటుంది. పట్టింపు ఉన్నవాళ్ళు లేబుల్ మీద వీగన్ అని ఉందేమో చూసుకోండి, ఈ మధ్య చాలా సీసాల మీద రాస్తున్నారు.

మూడో స్టెప్: చల్లబరచడం

8 నుంచి 10 డిగ్రీలు. ఇంట్లో ఫ్రిజ్ 4, 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంత చల్లగా తాగితే పులుపు తప్ప ఇంకేం తెలీదు, వాసన అసలు లేవదు. కాబట్టి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, తాగడానికి ఓ పావుగంట ముందు బయటికి తీయండి. టైం లేకపోతే బకెట్‌లో ఐసు, నీళ్ళు రెండూ కలిపి గుప్పెడు ఉప్పు వేసి సీసాని మెడదాకా ముంచండి, 20 నిమిషాల్లో అయిపోతుంది. ఐసు ఒక్కటే వేస్తే సీసాకి సరిగ్గా తగలదు, నీళ్ళు కలపడమే ముఖ్యం. గ్లాసులో ఐసు ముక్కలు మాత్రం వద్దు, కరిగి అన్నిటినీ పలచన చేస్తుంది.

నాలుగో స్టెప్: గ్లాసు

కాడ ఉన్న గాజు గ్లాసు, పైన కొంచెం మూతి ముడుచుకున్నట్టు ఉండేది, ఏ బ్రాండ్ ఐనా పర్లేదు. అంచు పలచగా ఉంటే చాలు. స్టీల్ గ్లాసు, ప్లాస్టిక్ కప్పు వద్దు. మూడో వంతు వరకే పోయండి, మిగతా ఖాళీలోనే వాసన నిలుస్తుంది. కడిగిన గ్లాసులో సబ్బు వాసన, అల్మారా వాసన ఉంటే వేడి నీళ్ళతో తొలిచి ఆరబెట్టండి, గ్రూనర్ లాంటి సున్నితమైన వైన్‌ని సబ్బు వాసన పూర్తిగా మింగేస్తుంది.

ఐదో స్టెప్: రుచి చూడటం

వంటింట్లో పోపు పెట్టిన వాసన, అగరొత్తుల వాసన, సెంటు వాసన లేని చోట కూర్చోండి. కాఫీ తాగి, పాన్ వేసుకుని వెంటనే మొదలుపెట్టకండి, మంచినీళ్ళు తాగి కాసేపాగండి.

ముందు రంగు చూడండి, తెల్ల కాగితం మీద గ్లాసు వంచి. లేత గడ్డి రంగు, అంచుల్లో కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటే తాజాగా ఉందని. ముదురు పసుపు, గోధుమ రంగు వైపు పోతే పాతబడిందని అనుమానించాలి. సీసా గోడకి చిన్న చిన్న బుడగలు అంటుకుని ఉన్నా, నాలుక మీద కొద్దిగా జివ్వుమన్నా కంగారు పడొద్దు, కుర్ర వైన్‌లో కొంచెం కార్బన్ డయాక్సైడ్ మిగిలి ఉంటుంది, అది ఆ తాజాదనానికే పనికొస్తుంది. సీసా అడుగున చక్కెర పలుకుల్లాంటివి కనిపిస్తే గాజు పెంకులని భయపడేవాళ్ళున్నారు, అవి టార్టరిక్ ఆమ్లం నుంచి ఏర్పడిన స్ఫటికాలు, ఏమీ చేయవు.

తర్వాత గ్లాసు తిప్పకుండానే ఒకసారి వాసన చూడండి. ఆ తర్వాత బల్ల మీదే గ్లాసు అడుగు ఆనించి నెమ్మదిగా గుండ్రంగా తిప్పి మళ్ళీ చూడండి. రెండోసారి వాసన పెద్దదవుతుంది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, పుస్తకాల్లో రాసిన యూరప్ పళ్ళ పేర్లు మనకి తెలీవు కదా అని. అక్కర్లేదు, మనకి తెలిసిన వాసనల పేర్లే పెట్టుకోండి, నిమ్మ చెక్క గిల్లినప్పటి వాసన, పంపరపనస తొన, పచ్చి జామకాయ, లేత దోసకాయ, ముల్లంగి ఆకు, అప్పుడే దంచిన తెల్ల మిరియాలు, వాన పడ్డాక తడిసిన రాయి. గ్రూనర్‌లో పంపరపనస, ముల్లంగి, మిరియాలు తరచూ దొరుకుతాయి. వెల్ష్‌రీస్లింగ్‌లో పచ్చి యాపిల్, ఎండు గడ్డి. రీస్లింగ్‌లో పీచ్, నిమ్మ, రాయి. స్టైర్‌మార్క్‌లో సొవిన్యాన్ బ్లాంక్ కూడా బాగా చేస్తారు, అందులో మన జామకాయ వాసన సూటిగా తగులుతుంది.

ఇప్పుడు గుక్క. చిన్నది కాదు, నోరంతా తడిసేంత తీసుకుని మూడు నాలుగు సెకన్లు నోట్లోనే అటూ ఇటూ తిప్పండి, వెంటనే మింగకండి. మొదట తీపి ఉందా చూడండి, ఉండకూడదు లేదా లేనట్టే ఉండాలి. తర్వాత దవడల పక్కన నీళ్ళూరుతున్నాయా చూడండి, అదే పులుపు కొలత, పచ్చి మామిడికాయ ముక్క తలుచుకుంటేనే ఊరినట్టు ఊరాలి. తర్వాత ఒళ్ళు, అంటే నోట్లో నీళ్ళలా జారుతోందా పాలలా నిండుతోందా అన్నది, తేలిక రకం నీళ్ళ వైపే ఉంటుంది, అది లోపం కాదు. మింగేటప్పుడు గొంతులో వేడి తగిలితే ఆల్కహాల్ ఎక్కువున్నట్టు. మింగాక చివర్లో సన్నని చేదు, మిరియాల చిమచిమ, అది గ్రూనర్ సంతకం అనుకోండి. నోట్లో ఆ రుచి ఎంతసేపు నిలుస్తుందో గమనించండి, చవక వైన్‌లో తొందరగా పోతుంది, పోయినా పర్లేదు, పోయేటప్పుడు శుభ్రంగా పోవాలి, జిడ్డుగానో తియ్యగానో అంటుకోకూడదు. నేను చవక సీసాని పాస్ చేయడానికి పెట్టుకున్న పరీక్ష అదొక్కటే, చివర శుభ్రంగా ఉందా లేదా.

మొదటి గుక్క మరీ పుల్లగా అనిపించడం మామూలే, దాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి, రెండో గుక్కకి నోరు అలవాటు పడుతుంది, మూడో గుక్కకి పళ్ళ రుచి బయటికొస్తుంది. గ్లాసులో పది నిమిషాలు ఉంచి మళ్ళీ చూడండి, కాస్త వేడెక్కాక కొత్త వాసనలు లేస్తాయి.

ఆరో స్టెప్: రెండు పక్కపక్కన పెట్టి తాగడం

రుచి తెలియడానికి దీన్ని మించిన పాఠం లేదు, ఒక్క సీసా తాగితే బాగుంది బాలేదు అనే రెండు మాటలే వస్తాయి, రెండు పక్కన పెడితే మాటలు వాటంతట అవే వస్తాయి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి తలా ఒక సీసా తెచ్చుకోండి. మొదటిసారి వైన్‌ఫీర్టెల్ గ్రూనర్ పక్కన స్టైర్‌మార్క్ వెల్ష్‌రీస్లింగ్ పెట్టండి, ఒకదాంట్లో మిరియాలు, ఒకదాంట్లో ఏ ఘాటూ లేని సూటి పులుపు, తేడా చిన్నపిల్లలాటలా తెలిసిపోతుంది. ఇంకోసారి ఒకే ఊరి గ్రూనర్, రీస్లింగ్ పెట్టండి. ఆ తర్వాత వైన్‌ఫీర్టెల్ గ్రూనర్, కాంప్‌టాల్ గ్రూనర్, ఇది కాస్త కష్టం, మట్టి తేడా ఇక్కడ అర్థమవుతుంది. తేలికదానితో మొదలుపెట్టి బరువైనదానికి వెళ్ళండి, తిరగేస్తే తేలికది నీళ్ళలా అనిపిస్తుంది. మూడు నాలుగు రకాలు చూసేరోజు పక్కన ఒక కప్పు పెట్టుకుని ఉమ్మేయండి, అక్కడి తోటల్లో రైతులు కూడా అలాగే చేస్తారు, అందులో సిగ్గేం లేదు.

ఏడో స్టెప్: తిండి

అక్కడి తిండితో మొదలుపెడదాం. వీనర్ ష్నిట్జెల్ అనే దూడ మాంసపు వేపుడు, బ్యాక్‌హెండ్ల్ అనే కోడి వేపుడు, ఇలా నూనెలోనో వెన్నలోనో వేగినవాటికి ఈ పులుపు సరైన జోడీ, జిడ్డుని కోసేస్తుంది, నిమ్మకాయ పిండినట్టే. లిప్టావర్ అని మిరపపొడి, వెన్నలాంటి తెల్ల జున్ను కలిపి రొట్టె మీద రాసుకునేది ఉంటుంది, అది గ్రూనర్‌తో. ఏప్రిల్ మే నెలల్లో వియన్నా తూర్పున మార్ష్‌ఫెల్డ్ నుంచి తెల్ల ఆస్పరాగస్ వస్తుంది, చాలా వైన్లు దాని ముందు చేదెక్కి చెడిపోతాయి, గ్రూనర్ మాత్రం నిలబడుతుంది. స్టైర్‌మార్క్‌లో గుమ్మడి గింజల నూనె పోసిన సలాడ్‌కి వెల్ష్‌రీస్లింగ్.

మన వంటతో కూడా బాగానే పోతుంది కానీ అన్నిటితో కాదు. అల్లం పచ్చిమిర్చి వేసిన పెసరట్టు, రొయ్యల వేపుడు, చేప వేపుడు, మిరియాల కోడి, గారెలు, వీటికి గ్రూనర్ చక్కగా సరిపోతుంది, మిరియానికి మిరియం, నూనెకి పులుపు. చింతపండు పులుసుకి, గోంగూరకి మాత్రం వద్దు, తిండి వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. ఎర్ర కారం దట్టంగా వేసిన కూర ఉంటే ఆల్కహాల్ ఆ మంటని ఇంకా పెంచుతుంది, అప్పుడు తక్కువ ఆల్కహాల్‌ది, హాల్బ్‌ట్రోకెన్ రీస్లింగ్ లాంటిది తీసుకోండి, ఆ కాస్త తీపి మంటని అణుస్తుంది.

ఎనిమిదో స్టెప్: అక్కడికే వెళ్ళి తాగడం

వియన్నా వెళ్ళే పని పడితే హోటల్ బార్‌లో కాకుండా హొయ్‌రిగర్‌కి, అంటే రైతు తన వైన్ తానే అమ్ముకునే చోటికి వెళ్ళండి. 1784లో చక్రవర్తి రెండో యోసెఫ్ ద్రాక్ష రైతులు తమ సొంత వైన్‌ని తమ ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు, అప్పటి నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. తలుపు పైన పైన్ కొమ్మ కట్టి ఉంటే తెరిచి ఉన్నట్టు. చాలావాటిలో తిండి మనమే లోపల కౌంటర్ దగ్గర తెచ్చుకోవాలి, వైన్ మాత్రం బల్ల దగ్గరికి తెస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఫీర్టెల్ అంటే పావు లీటరు, ఆఖ్టెల్ అంటే అందులో సగం, రకరకాలు చూడాలంటే ఆఖ్టెల్లే అడగండి. హొయ్‌రిగర్లుండే పేటలకి ట్రామ్‌లోనే పోవచ్చు, డి ట్రామ్ ఎక్కితే నుస్‌డోర్ఫ్, 38 ఎక్కితే గ్రింజింగ్, 31 ఎక్కితే స్టామర్స్‌డోర్ఫ్. గ్రింజింగ్‌లో టూరిస్టులు ఎక్కువ, నా ఓటు స్టామర్స్‌డోర్ఫ్‌కే, తోటల మధ్య నడుచుకుంటూ పోవచ్చు. కొన్ని చోట్ల ఏడాదిలో కొన్ని వారాలే తెరుస్తారు, బయల్దేరేముందు చూసుకోండి. కారు తీసుకెళ్ళకండి, అక్కడ రక్తంలో ఆల్కహాల్ పరిమితి వెయ్యికి 0.5 వంతు, కొత్త లైసెన్స్ వాళ్ళకి 0.1 మాత్రమే, ట్రామ్ ఉండగా ఆ తలనొప్పి ఎందుకు.

ఎండాకాలం ఐతే గ్‌ష్ప్రిట్స్‌టర్ అడగండి, సగం వైన్ సగం సోడా. వైన్‌లో సోడా ఏంటి అని ముఖం పెట్టేవాళ్ళుంటారు, ఆస్ట్రియాలో ముసలీ ముతకా అందరూ తాగేది అదే, నిజం చెప్పాలంటే లీటరు సీసా గ్రూనర్‌కి అంతకంటే మంచి వాడకం లేదు. ఇంట్లో చేసుకునేటప్పుడు రెండూ బాగా చల్లగా ఉండాలి, ముందు వైన్ పోసి తర్వాత సోడా పోయాలి, సోడా తాజాగా తెరిచిందై ఉండాలి. ఇంకా తేలిగ్గా కావాలంటే సోడా పాళ్ళు పెంచండి, దాన్ని సొమ్మర్‌ష్ప్రిట్స్‌టర్ అంటారు. సెప్టెంబర్, అక్టోబర్‌లో వెళ్తే ష్టుర్మ్ దొరుకుతుంది, ఇంకా పులుస్తూనే ఉన్న వైన్, మబ్బుగా తియ్యగా బుసబుసలాడుతూ ఉంటుంది. దాని సీసా మూత గట్టిగా బిగించరు, లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది, సంచిలో పడుకోబెట్టి తీసుకెళ్ళొద్దు, నిలబెట్టే పట్టుకెళ్ళండి.

మిగిలిపోతే

స్క్రూ మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది, రెండో రోజు కొన్ని గ్రూనర్లు ఇంకా బాగుంటాయి కూడా. సగం కంటే తక్కువ మిగిలితే చిన్న సీసాలోకి అంచుదాకా పోసి మూత పెట్టండి, గాలి తక్కువ తగులుతుంది. నాలుగో రోజుకి యాపిల్ కోసి వదిలేసిన వాసన వస్తే తాగొద్దు, చేప వండేటప్పుడో పుట్టగొడుగులు వేయించేటప్పుడో ఒక గరిటెడు పోసి బాగా మరగనివ్వండి. తాగేసిన ప్రతి సీసా లేబుల్‌ని ముందూ వెనకా ఫోన్‌లో ఫోటో తీసి, కింద రెండు ముక్కలు రాసి పెట్టుకోండి, పులుపు ఎలా ఉంది, చివర ఎలా ఉంది, దేంతో తిన్నారు అని, ఈసారి షాపుకెళ్ళినప్పుడు ఆ ఫోటో చూపిస్తే భాష రాకపోయినా పక్క ఊరి సీసా ఇమ్మని అడగొచ్చు.